బొటనవేలంత రాక్షసులు

గోదావరిఖని,
1992 నవంబరు, ఆదివారం.

మా అవ్వకు, నీ పెద్దకొడుకు సదయ్య దండాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను, పూలమ్మ, నీ మనుమరాలు వేళకు ఇంత తింటూ మంచిగా ఉన్నాం. అక్కడ నువ్వు, తమ్ముడు బిక్షం, మరదలు, పిల్లలు చల్లగా ఉంటే మాకు అంతకన్నా కావలసింది లేదు.

ఉత్తరం చదివి వినిపించే మరదలికి ముందుగా ఒక మాట. అమ్మా, అవ్వ పనులన్నీ ముగించుకుని నిమ్మళంగా కూర్చున్నాకే ఇది చదువు. మధ్యలో ఆపకు. ఎక్కడైనా నీ గొంతు ఆగినా, కాసిన్ని నీళ్ళు తాగి చివరిదాకా చదివెయ్యి.

అవ్వా, నీ ఉత్తరం దసరా వెళ్ళాక అందింది. పూలమ్మ చలిజ్వరం తగ్గిందా అని అడిగావు. తగ్గింది. దవాఖానలో ఇచ్చిన చేదు గోళీలను బెల్లం ముక్కలో దాచి మింగింది. ఇప్పుడు బెల్లం చూస్తేనే ముఖం తిప్పుకుంటున్నది. క్వార్టరు కురవడం ఆగిందా అని అడిగావు. ముందు గది ఆగింది, వంటింటి మూల మాత్రం చినుకు పడితే చాలు, మనకంటే ముందు దానికే తెలుస్తుంది. నీ మనుమరాలు నీలాగే గట్టిగా నవ్వుతుంది. నవ్వితే పక్క క్వార్టరు వాళ్ళు తలుపు తీసి చూస్తారు.

గని లోపలి డ్యూటీ మాని పైకి ఎందుకు వచ్చానని అడిగావు. దసరాకు ఎందుకు రాలేదని కూడా అడిగావు. ఈ రెండింటికీ జవాబు ఒక్కటే. అది కొంచెం ఆగి రాస్తాను. ముందు నీకు నచ్చే సంగతి రాస్తాను.

నేను మళ్ళీ బొమ్మలు చేస్తున్నాను అవ్వా.

నాన్న చేసినట్టు వంకాయలు, సీతాఫలాలు, రామచిలుకలు కాదు. నువ్వు చింతగింజలు నూరుతూ చెప్పిన కథల్లోని వాళ్ళను చేస్తున్నాను. గాలిని తిని బతికే రాక్షసి, వెన్నెల మేసే రెక్కల గుర్రం, కప్పమీద సవారీ చేసే మంత్రగత్తె, తన నీడను తానే మోసుకుని తిరిగే బ్రహ్మరాక్షసుడు. ఒక్కొక్కటి నా బొటనవేలంత ఉంటుంది. నీకు జ్ఞాపకముందో లేదో, చిన్నప్పుడు మిగిలిన పొణికి చెక్క ముక్కలతో ఒక ఏడుతలల పామును చేసి, నాన్న లేనప్పుడు అంగట్లో పండ్ల బొమ్మల మధ్య పెట్టాను. నాన్న వచ్చి చూసి కోప్పడలేదు. చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసి, "మంచిగనే చేసినవు బిడ్డా. గాని రాక్షసులను, పాములను ఇంట్ల ఎవలు పెట్టుకుంటరు? పండ్లు చెయ్యి. అమ్ముడు పోతయ్" అన్నాడు. ఆ పామును నువ్వు తీసుకుని బియ్యం కాగు వెనుక దాచావు.

నాన్న పోయాక అంగడి ఇద్దరు అన్నదమ్ములను సాకలేదని మనందరికీ తెలుసు. తమ్ముడి చేయి పండ్ల మీద చక్కగా తిరిగేది. నేను ఇక్కడ బొగ్గుబాయి పనికి వచ్చాను. పని దొరికిన రోజు ఎంతో సంబురపడ్డాను. కుంచె పట్టక ఎంత కాలమైందో లెక్క చూసుకోనంతగా ఈ ఊరిలో కలిసిపోయాను. షిఫ్టు, నిద్ర, మళ్ళీ షిఫ్టు. కథలు మాత్రం మరిచిపోలేదు. పూలమ్మకు, బిడ్డకు చెబుతూనే ఉన్నాను.

సామాను ఎక్కడ తెస్తున్నావురా, లోపలి డ్యూటీ లేకపోతే జీతం తగ్గింది కదా అని నువ్వు అడుగుతావు. తగ్గిన మాట నిజమే. అందుకే కొనే సామాను లేదు. మట్టి గోదావరి ఒడ్డుది. పాత పేపర్లు నానబెట్టి, చింతగింజల జిగురుతో కలిపి ఆ మట్టిలో పిసికితే ఎండినా పగలదు. తెల్లరంగు గోడలకు వేసే సున్నం. నలుపు రంగుకు ఈ ఊళ్ళో కరువా? బొగ్గును మెత్తగా నూరి బట్టలో జల్లించి తుమ్మబంకలో కలుపుతాను. బంగారు నగలకు అగరుబత్తి పెట్టెల మీది మెరుపు కాగితం. మిగతా రంగులన్నీ సర్వర్ భాయ్ దయ.

సర్వర్ భాయ్ అంటే బసంత్‌నగర్‌లో సిమెంటు లారీలకు రంగులు వేసే మనిషి. లారీ వెనుక తలుపు మీద అతను నెమలిని గీస్తే వాన వచ్చినట్టే ఉంటుంది. రంగు అడగడానికి నాకు మొఖం చెల్లక అతని షెడ్డు ముందు ఊరికే నిలబడ్డాను. అతనే పిలిచాడు.

"ఏందన్నా, లారీ ఉన్నదా?"

"లారీ లేదు భాయ్. పారేసే డబ్బాలు ఉంటే..."

"డబ్బాలు ఏం చేస్తవ్? ఇల్లు కడ్తవా?"

నా జేబులోని మంత్రగత్తెను తీసి చూపించాను. అప్పటికి దానికి సున్నం మాత్రమే పూసి ఉంది. అతను దాన్ని అరచేతిలో పెట్టుకుని, కప్ప కాళ్ళను గోటితో ముట్టుకుని చూశాడు. తర్వాత మూల ఉన్న డబ్బాల గుట్టను చూపించాడు.

"అరె అన్నా, అడుగున ఇంతింత అంటుకోని ఉంటది. నాకు లారీ, నీకు వేలంత బొమ్మ. నా అడుగంటు నీకు సముద్రం. ఫికర్ చెయ్యకు, తీస్కపో."

ఆ అడుగంటు రంగులను బామ్ సీసాల్లో పోసుకుని తెచ్చుకున్నాను. పలుచన చేయడానికి కిరసనాయిలు వాడుతున్నాను. కరెంటు పోయినప్పుడు బుడ్డిలో కిరసనాయిలు లేక పూలమ్మ, "నీ రాక్షసులు తాగినయ్, ఇగ మనం చీకట్ల కూసుందాం" అంటుంది. సన్నకుంచెకు మన దగ్గర ఉడుత వెంట్రుకలు వాడేవాళ్ళం కదా. ఇక్కడ అవి ఎక్కడివి? పూలమ్మ తన జడ కొసను కత్తిరించి ఇచ్చింది. చీపురుపుల్లకు కట్టుకున్నాను. గుర్రం జూలు ఆ కుంచెతోనే వేశాను.

ఇప్పుడు ఆగి రాస్తానన్న సంగతికి వస్తున్నాను. అవ్వా, గుండె గట్టి చేసుకో. మొదట ఒకటి విను. నేను బాగున్నాను. డ్యూటీ చేస్తున్నాను, తింటున్నాను, ఈ ఉత్తరం నా చేతితో నేనే రాస్తున్నాను.

నా ఎడమ కన్ను పోయింది.

ఎండాకాలంలో జరిగింది. నువ్వు ఎప్పుడూ భయపడినట్టు గనిలో కాదు. లోపల ఇన్నేళ్ళు గీరుకున్నది కూడా లేదు. ఇంటి వాకిట్లో పొయ్యి కోసం బొగ్గుపెళ్ళను సుత్తితో పగలగొడుతుంటే ఒక పెచ్చు ఎగిరి కంట్లో పడింది. పూలమ్మ పొయ్యి దగ్గర నుంచి ఉరికి వచ్చేసరికి నేను ముఖం పట్టుకుని నేల మీద కూర్చుని ఉన్నాను. ఇక్కడి దవాఖానలో చూసి హైదరాబాదు పంపారు. అక్కడి డాక్టరు మంచివాడు. ఎంత చేయాలో అంత చేశాడు. చివరికి నా మంచం మీద కూర్చుని, "ఈ కన్ను ఇక రాదు సదయ్యా. రెండోది బాగుంది, దాన్ని కాపాడుకో. వస్తువు ఎంత దూరంలో ఉందో తెలియడానికి కొంతకాలం తడుముకుంటావు. చేతికి అలవాటు చెయ్యి" అని చెప్పాడు.

ఒంటికన్నుతో గనిలోకి దించరు. అందుకే ల్యాంపు రూములో వేశారు. లోపలికి దిగేవాళ్ళ దగ్గర టోకెను తీసుకుని తలకు పెట్టుకునే దీపం ఇవ్వడం, పైకి వచ్చాక తీసుకుని చార్జింగుకు పెట్టడం నా పని. అలవాటు పడేదాకా అది కూడా చేతకాలేదు. నేను దీపం చాపిన చోట మనిషి చేయి ఉండేది కాదు. గ్లాసులో నీళ్ళు పోస్తే పక్కన పడేవి. గడప దగ్గర కాలు ఎంత ఎత్తాలో తెలియక తట్టుకునేవాణ్ణి. నాతో పాటు లోపల పని చేసిన బుచ్చన్న, సంగతి తెలియక ఒకరోజు, "ఏందే సదన్నా, పొద్దుగాల్నే ఏసుకున్నవా?" అని నవ్వాడు. తెలిసిన తర్వాత పాపం, ఇంటికి వచ్చి నా పక్కన కూర్చుని వెళ్ళాడు.

నేను మాటలు తగ్గించాను. డ్యూటీ నుంచి వచ్చి గోడ వైపు తిరిగి పడుకునేవాణ్ణి. బిడ్డ కథ చెప్పమంటే తల నొస్తున్నదని అనేవాణ్ణి. నీకు రాద్దామని ఎన్నిసార్లో కార్డు తీశాను. నాన్న పోయినప్పుడు నువ్వు అన్నం మాని మూలకు కూర్చున్న రోజులు కళ్ళ ముందు ఆడేవి. 'డ్యూటీ పైకి మారింది' అని మాత్రమే రాసి పోస్టులో వేశాను. దసరాకు సెలవు దొరికింది అవ్వా. నా ముఖం నీకు చూపించే ధైర్యం దొరకలేదు.

నన్ను ఆ గోడ వైపు నుంచి ఇటు తిప్పింది పూలమ్మ. ఒకరోజు గోదావరి స్నానానికి వెళ్ళి, వచ్చేటప్పుడు కొంగులో తడిమట్టి మూట కట్టుకుని వచ్చింది. చీరంతా ఖరాబు చేసుకుంది. ఆ ముద్దను తెచ్చి నా ముందర నేల మీద పెట్టింది.

"గిదేంది?" అన్నాను.

"మీ అవ్వ చెప్పిన రాక్షసి ఎట్లుంటదో చేసి చూపియ్యి. పెండ్లైనకాన్నుంచి చెప్పుడే గాని చూసింది లేదు."

"నాకు కన్నే లేదు, ఏం చెయ్యాలె?"

"మట్టి చేతులతోని పిసుకుతరా, కండ్లతోనా?"

నాకు కోపం వచ్చింది. ఆమె మీదో, ఆ మట్టి మీదో తెలియలేదు. ఆ ముద్దను గోడకు కొడదామనే చేతిలోకి తీసుకున్నాను. చల్లగా, మెత్తగా తగిలింది. కొట్టలేకపోయాను. నిజమే అవ్వా, పిసకడానికి చూపుతో పని లేదు. దవడ ఎక్కడ లేవాలో, పొట్ట ఎక్కడ వేలాడాలో వేళ్ళకు తెలుసు. పొద్దు గూకేసరికి గాలిని తినే రాక్షసి నా అరచేతిలో నోరు తెరుచుకుని కూర్చుంది. బిడ్డ బడి నుంచి వచ్చి చూసి, భయపడాల్సింది పోయి, "ఆకలైతుందేమో నానా" అంది.

మట్టి పని అయ్యింది కానీ రంగు దగ్గర ఓడిపోయాను. కుంచె బొమ్మకు తాకిందనుకుంటే ఇంకా గాలిలోనే ఉండేది. ఇంకా రాలేదనుకుంటే అప్పటికే పొడిచేసేది. పెదవి మీద వేసిన ఎరుపు చెవిదాకా పోయింది. కనుబొమ్మ వేయబోతే ముక్కు మీద పడింది. తుడిచి వేశాను, మళ్ళీ తుడిచాను. చివరికి బొమ్మను విసిరేశాను. మెడ విరిగింది. తలను, మొండేన్ని పూలమ్మ ఏరుకుని చింతగింజల జిగురుతో అతికించి కిటికీలో ఎండకు పెట్టింది. కొంచెం వంకరగా అతికించింది. దాంతో ఆ రాక్షసి ఎవరో పిలుస్తుంటే చెవి పెట్టి వింటున్నట్టు తయారైంది.

దాన్ని చూస్తూ కూర్చున్నప్పుడే నీ మాట జ్ఞాపకానికి వచ్చింది. నాకు మొదటిసారి కుంచె ఇచ్చిన రోజు నా గీత వంకర పోతే నువ్వు నా వేలు పట్టుకుని, "చిటికెనవేలు బొమ్మకు ఆనియ్యి. తొవ్వ అది చూపిస్తది, కుంచె ఎనుక నడుస్తది" అన్నావు. రెండు కళ్ళూ ఉన్న రోజుల్లో ఆ మాట నాకు అవసరం పడలేదు. ఇప్పుడు చిటికెనవేలిని రాక్షసి చెంపకు ఆనించాను. బొమ్మ ఎంత దూరంలో ఉందో కంటికి తెలియకపోయినా వేలికి తెలిసింది. ఊపిరి బిగబట్టి కుంచె దించాను. కనుబొమ్మ కనుబొమ్మ మీదే పడింది. వంకర లేదు. సన్నగా, వెంట్రుకంత సన్నగా.

నేను పూలమ్మను పిలిచాను. ఏం పిలిచానో తెలియదు. ఆమె మళ్ళీ ఏమైందోనని పిండి చేతులతో ఉరికి వచ్చింది. నేను బొమ్మను చూపించాను. ఆమె చూసి, నా పక్కన కూర్చుని, కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చింది. కన్ను పోయిన రోజు కూడా నా ముందు ఏడవని మనిషి అవ్వా ఆమె.

అప్పటి నుంచి ఆగలేదు. డ్యూటీ దిగి వచ్చి వెలుతురు ఉన్నంతసేపు కిటికీ దగ్గర కూర్చుంటున్నాను. ఒక్క బొమ్మకు వారం పడుతుంది. ముందైతే రెండు రోజుల పని. పడనీ. మెల్లగా ల్యాంపు రూములో కూడా చేతి లెక్క కుదిరింది. దీపం ఇప్పుడు సరిగ్గా మనిషి చేతిలోనే పెడుతున్నాను.

ఒక గుర్రాన్ని సర్వర్ భాయ్‌కి ఇచ్చాను. రంగులకు బదులు ఇంకేం ఇవ్వగలను? అతను దాన్ని షెడ్డులో పెట్టుకుంటే, మన నిర్మల్ దిక్కు సిమెంటు తోలే రాయమల్లు అనే డ్రైవరు చూశాడట. ఆదివారం నాడు మా క్వార్టరు వెతుక్కుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అన్నా, నాకు గుర్రం వద్దు. రాక్షసి కావాలె. మంచిగ కోరలు పెట్టి చెయ్యి. లారీ అద్దం ముందల పెట్టుకుంట. దిష్టి కొట్టది."

రాక్షసులను ఎవరు పెట్టుకుంటారని నాన్న అన్నాడు కదా. లారీ డ్రైవర్లు పెట్టుకుంటారు. రాయమల్లును చూసి ఇంకొకరు, ఆయన్ను చూసి మరొకరు. కొందరు పైసలు ఇస్తున్నారు, కొందరు కూరగాయలు దించి పోతున్నారు. రాయమల్లు అయితే నిర్మల్ నుంచి పొణికి ముక్కల సంచి తెచ్చాడు. మూట విప్పగానే వచ్చిన ఆ చెక్క వాసనకు నేను కాసేపు బయటికి వెళ్ళి నిలబడవలసి వచ్చింది.

ఇంకొక ముచ్చట ఉంది. ఇది విని నువ్వు నవ్వకపోతే నన్ను అడుగు.

నాకు మట్టి పిసికి ఇస్తూ ఇస్తూ పూలమ్మ తానే ఒక బొమ్మ చేసింది. నెత్తిన తట్ట పెట్టుకున్న ముసలమ్మ. కాళ్ళు కోడివి. వెనుక పులితోక. ఆ తోకను కొంగులా భుజం మీదికి తిప్పుకుంది.

"గిది ఏ కథలున్నదే?" అని అడిగాను.

"ఏ కథల లేదు. గిప్పుడే పుట్టింది."

"పేరేంది మరి?"

"నువ్వు పెట్టుకో. నాకు అన్నం ఒండేదున్నది."

మొన్న రాయమల్లు తన అన్న కోసం ఇంకొక బొమ్మ కావాలని వచ్చాడు. నా బ్రహ్మరాక్షసుణ్ణి, రెండు నెలల నుంచి దాచుకున్న మంత్రగత్తెను వరుసగా పెట్టాను. అతను వాటిని చూశాడు, మెచ్చుకున్నాడు. ఆ పులితోక ముసలమ్మను చేతిలోకి తీసుకున్నాడు. ఇక దించలేదు. "నీయి మంచిగున్నయ్ అన్నా. గాని గీమె నన్ను చూసి ఎక్కిరిస్తున్నట్టున్నది. గిదే కావాలె" అన్నాడు.

ఆ సాయంత్రం నేను పూలమ్మతో సరిగ్గా మాట్లాడలేదు. తాత, తండ్రి నుంచి వచ్చిన చేయి నాది, ఒక్కనాడూ కుంచె పట్టని మనిషి బొమ్మ ముందుగా పోయింది. మరునాడు డ్యూటీలో బుచ్చన్న టోకెను ఇస్తూ, "ఏందన్నా మొకం గట్ల పెట్టినవ్?" అని అడిగాడు. చెప్పాను. అతను, "అయితే నువ్విగ వదినె దగ్గర పని నేర్సుకో" అన్నాడు. నాకు నవ్వు వచ్చింది. చిన్న నవ్వు కాదు. వరుసలో నిలబడ్డ వాళ్ళంతా తొంగి చూసేంత నవ్వు. నవ్వు ఆపుకోలేక దీపాలు ఇవ్వడం ఆగిపోతే వెనుక వాళ్ళు కేకలు వేశారు. ఎండాకాలం తర్వాత నేను అట్లా నవ్వింది అదే మొదలు. ఇంటికి వెళ్ళి పూలమ్మకు చెప్పాను. ఇప్పుడు కిటికీ దగ్గర ఇద్దరం కూర్చుంటున్నాం. ఆమె తన బొమ్మను అయ్యేదాకా నాకు చూపించదు.

అవ్వా, సెలవు పెట్టాను. ఈ నెల చివరి శనివారం మేం ముగ్గురం బయలుదేరి, కరీంనగర్‌లో బస్సు మారి, పొద్దు గూకకముందే నిర్మల్ వస్తాం. బస్టాండుకు తమ్ముణ్ణి పంపకు. నువ్వే రా. నేను దిగగానే నా ముఖం చూడు. కన్ను కన్నులాగే ఉంటుంది, నడుమ తెల్లని మచ్చ ఉంటుంది, అంతే. ముట్టుకుని చూడాలనిపిస్తే ముట్టుకో, నొప్పి లేదు. ఏడుపు వస్తే అక్కడే, జనం ముందే ఏడువు. నేను ఎక్కడికీ పోను. తర్వాత అందరం కలిసి నడుచుకుంటూ ఇంటికి పోదాం. నాకు ఆకలిగా ఉంటుంది. జొన్నరొట్టె, పుంటికూర చేసి పెట్టు.

ఇట్లు,
నీ చేతి పనిని మళ్ళీ చేతబట్టిన
నీ పెద్దకొడుకు
సదయ్య